హాజీ కంచెలో నా గాలం

బహ్రెయిన్‌లో ఒక శుక్రవారం నాడు మా వంశం పరువు సముద్రంలో కలిసిందని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. సముద్రంలో కలవలేదు. కలవడానికి ఆ సమయానికి అక్కడ సముద్రం లేదు. నన్నూ నా గాలాన్నీ బురదలో నిలబెట్టి, ఒక్క మాటైనా చెప్పకుండా అది వెళ్ళిపోయింది. నది అలా చేయదు. నదికి మర్యాద తెలుసు. పోతే కిందికే పోతుంది గానీ వెనక్కి పోదు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. మిగతా సర్వనాశనం మీకే అర్థమవుతుంది.

నవ్వేవాళ్ళు నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ కోపమే. సముద్రం మీద కోపం, తూనీగ పిల్లల మీద కోపం, అన్నిటికంటే ఎక్కువగా రాజన్న మీద కోపం. రాజన్న ఎవరో చెబుతాను. ముందు నేనెవరో చెప్పాలి. అది మా ఇంటి పద్ధతి.

మాది ఉత్తర తెలంగాణలో గోదావరి దగ్గరి పల్లె. మా తాత ఆ ఊరికి దొర. ఊరు ఆయనది, ఊరి పక్క వాగు ఆయనది, వాగులో ఈదే చేప కూడా ఆయనదే. చేపకు ఆ సంగతి తెలియకపోయినా ఊరికి తెలుసు. ఏనుగు బతికినా వెయ్యి, చచ్చినా వెయ్యి అంటారు. దొరతనం అలా కాదు, బతికినప్పుడే వెయ్యి. అన్నదమ్ముల దావాలు, వకీళ్ళ భోజనాలు, పంపకాలు అన్నీ అయ్యాక నా దాకా వచ్చినవి రెండే: తాతగారి గాలపుపెట్టె, వంగడం రాని నా నడుము. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ రెంటినీ పట్టుకుని బహ్రెయిన్ చేరాను. ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్‌కీపర్ ఉద్యోగం. మామీర్‌లో క్యాంపు. ఒక గదిలో నలుగురం.

ఆ నలుగురిలో మల్లయ్య మా ఊరివాడే. వడ్రంగి, వయసులో పెద్దవాడు. నన్ను 'చిన్న దొర' అనేవాడు, మనస్ఫూర్తిగా. రాజన్న కూడా మా ఊరివాడే. తాపీమేస్త్రీ, నా ఈడువాడు. వాడూ నన్ను 'దొరా' అనేవాడు. కానీ వాడు అన్నప్పుడు ఆ మాటకు ఎక్కడో కితకితలు పెట్టినట్టుండేది. నాలుగోవాడు యేసుపాదం, రాజమండ్రి వైపు మనిషి, ఏసీ మెకానిక్. చచ్చిన ఏసీతో కూడా 'అండీ' అని మాట్లాడే రకం.

బ్రహ్మచారి గదుల సంప్రదాయం మీకు తెలిసే ఉంటుంది. వంటకూ గిన్నెలకూ వంతులుంటాయి. నాకు మాత్రం వంతు లేదు. ఎవరూ మాఫీ చేయలేదు. మొదటిసారి నా వంతు వచ్చిన రోజు నేను గిన్నెల వైపు చూశాను. గిన్నెలు నా వైపు చూశాయి. ఆ చూపులు ఎంతసేపు సాగేవో గానీ, మల్లయ్య లేచి, "చిన్న దొర చేతుల మసి అంటుతది" అని తనే తోమేశాడు. అప్పటినుంచి నా వంతు మల్లయ్య చేయడం, రాజన్న పళ్ళు నూరడం నడిచింది. నాకు ఏ ఇబ్బందీ కనిపించలేదు.

ఇబ్బంది ఎప్పుడు వచ్చిందంటే, మల్లయ్య వీసా క్యాన్సిల్ చేయించుకుని ఇంటికి శాశ్వతంగా బయలుదేరినప్పుడు. ఇక వెనక్కి రాడు. శనివారం విమానం. శుక్రవారం మధ్యాహ్నం గదిలో విందు. గురువారం సాయంత్రం నలుగురం కూర్చుని ఏం వండాలా అని మాట్లాడుకుంటున్నాం.

"నాకైతే చాపల పులుసు తినాల్నని ఉన్నది" అన్నాడు మల్లయ్య. "మన వాగు చాప లెక్క, చింతపండు ఎక్కువేసి."

"పొద్దుగాల పోయి కొనుకొస్త" అన్నాడు రాజన్న.

అక్కడ నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ చేప అన్న మాట వినగానే నాలో తాతగారు లేచి కూర్చున్నారు.

"కొనుడేంది?" అన్నాను. "చాపను కొనుక్కొని తినుడు మా ఇంట్ల ఎరుకలేదు. నేను పట్టుకొస్త."

"దేనితోని? స్టోర్ల ఉన్న మేకులతోనా?"

"మా తాత గాలంతోని."

రాజన్న చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు. వాడు గ్లాసు కింద పెట్టాడంటే తిట్టు తయారవుతున్నట్టే. "తాతలు నేతులు తాగిన్రు, మా మూతులు వాసన చూడున్రి అన్నడట ఒకడు. మీ తాత చాపలు పడితే మేము మీ చేతులు వాసన చూడాల్నా దొరా?"

"రేపు చూద్దువు తియ్యి, పులుసు కలుపుకొని."

"అయ్యయ్యో, గొడవెందుకండీ" అన్నాడు యేసుపాదం. "దొరగారు తెస్తే చేపండీ, తేకపోతే ఫ్రిజ్జులో కోడుందండీ. రెండూ దేవుడిచ్చినవే కదండీ."

"కోడి ముచ్చట కాదు యేసుపాదం" అన్నాడు రాజన్న. "మల్లన్న రేపో మాపో పోతుండు. ఎల్లుండి సంది ఈ దొర కంచం ఎవలు కడగాలె? నేనా? మా తాత మోసింది సాలదా?"

వాళ్ళ తాత మోసినదేమిటో చెప్పాలి. మా వాగు గోదావరిలో కలిసే చోట, నీళ్ళు పలచబడే మూలలో, తాతగారు వెదురుబద్దలతో కంచె వేయించేవారు. అది దొర కంచె. దాని లోపల గాలం వేసే హక్కు మా ఇంటివాళ్ళది. రాజన్న తాత ఒక పూట కంచెలో చెయ్యి పెట్టి ఒక పరకపిల్లను పట్టాడు. మా తాత కొట్టించలేదు, తిట్టించలేదు. ఆ రోజు కంచెలో పడ్డ చేపలన్నీ గంపలో పోయించి, అతని నెత్తిన పెట్టి, మా ఇంటి గడి దాకా మోయించారు. కూలి లేదు. వెట్టి.

"కంచె మీ తాత కండ్లకు కనవడలేదా?" అన్నాను నేను, నడుము ఇంకాస్త నిటారుగా చేసి. "ఒకని కంచెల చెయ్యి పెట్టినోడు గంప మోయాల్సిందే. అది న్యాయం."

ఈ వాక్యం కూడా గుర్తుంచుకోండి. నేను మరిచిపోవాలని చాలా ప్రయత్నించాను.

రాజన్న టీ గ్లాసు పక్కకు జరిపాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "సరే దొరా. రేపు మల్లన్న తినే యాల్లకు చాపలు తెచ్చినవనుకో, నువ్వున్నన్ని దినాలు నీ వంతు నేను చేస్త. నీ కంచం నేను కడుగుత. తేకపోతే ఎల్లుండి సంది వంట నీదే, గిన్నెలు నీవే, దొర అని పిలుసుడు గూడ బంద్. మంజూరేనా?"

"మంజూర్."

మల్లయ్య ముఖం వాడిపోయింది. "నాకు కోడైనా మంచిదే చిన్న దొరా" అన్నాడు. ఆ జాలి చూసి నాకు మరింత కోపం వచ్చింది.

ఇక తాతగారి విద్య గురించి. వానపాముతో చేపలు పట్టేవాళ్ళను తాతగారు మనుషుల్లో లెక్కపెట్టేవారు కాదు. ఆయన ఎర తూనీగ పిల్ల. తూనీగ రెక్కలు రాకముందు నీళ్ళలోనే బతుకుతుంది, రాళ్ళ కింద, పాచిలో, మట్టిరంగులో, ఆరు కాళ్ళతో. రాయి మెల్లగా ఎత్తి, వెనకనుంచి రెండు వేళ్ళతో పట్టాలి. మెడ పెంకు కింద సన్నటి గాలపుముల్లు గుచ్చితే చావదు, కాళ్ళాడిస్తూనే ఉంటుంది. వెదురు కట్టె, దారం, నెమలి ఈక బెండు. అంతే సామాను. గాలాన్ని విసరకూడదు. రాతి వెనక మలుపులో వదిలి, నీటితోపాటు నడవనివ్వాలి. "చేపకు ఎర వేసుడు కాదురా, దాని రోజూ తిండిని దాని వాకిట్లకు నడిపించుకపోవాలె" అనేవారు తాతగారు.

మామీర్‌లో తూనీగ పిల్లలెక్కడివి అంటారేమో. మా క్యాంపు స్నానాల గదుల వెనక నీళ్ళ ట్యాంకు ఎప్పుడూ కారుతుండేది. దాని కింద చిన్న మడుగు, చుట్టూ రెల్లు. ఆ ఎడారి మొత్తానికి తూనీగలు అక్కడే తిరిగేవి. గురువారం సాయంత్రమే వెళ్ళి, ప్యాంటు మడిచి, ఇటుక ముక్కలు ఎత్తి, గుప్పెడు పిల్లలను పట్టాను. పాలపొడి డబ్బాలో నీళ్ళుపోసి వేసి, మంచం కింద దాచుకున్నాను.

తాతగారు డబ్బాలో తడి పాచి కుక్కేవారు. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు. పొద్దున డబ్బా మూత తీశాక తెలిసింది. గుప్పెడు పిల్లల్లో మూడో నాలుగో మిగిలాయి. మిగిలినవి బాగా బలిశాయి. ఒకదాన్నొకటి తిన్నాయి! పాచి ఉంటే ఒకదానికొకటి కనిపించకుండా ఉండేవట. రెండు తరాలు కోర్టుల చుట్టూ తిరిగిన మా పెదనాన్నలూ చిన్నాన్నలూ అందరూ ఆ డబ్బాలో నాకు కనిపించారు. వాళ్ళను తిట్టలేక తూనీగలను తిట్టాను.

స్టోర్లో పడున్న సన్నటి వెదురు కట్టె తీసుకుని, పెట్టెలోంచి తాతగారి బెండూ ముల్లూ తీసి కట్టి, సిత్రా వైపు ఒడ్డుకు నడిచాను. రాజన్న తలుపు దగ్గర నిలబడి, "దొరా, గంప ఇయ్యాల్నా? చాపలు ఎక్కువైతే ఎట్ల తెస్తరు?" అన్నాడు. తిరిగి చూడలేదు. చూస్తే కొట్టేవాణ్ణి.

ఒడ్డుకు చేరేసరికి సముద్రం నిండుగా ఉంది. చెప్పులతోనే మోకాళ్ళ లోతు దిగి, మొదటి తూనీగ పిల్లను వదిలాను. ఉప్పునీళ్ళు తగలగానే అది కాళ్ళు ముడుచుకుని ఠక్కున చచ్చింది. వాగునీళ్ళ పురుగును ఉప్పులో ముంచితే చావకేం చేస్తుందని మీరంటారు. మీరు ఒడ్డున కూర్చుని ఎన్నైనా అంటారు. బెండు కదలదు. ఎర నడవదు. నీళ్ళు ముందుకు రెండడుగులు వేసి వెనక్కి రెండడుగులు వేస్తున్నాయి, జవాబు చెప్పలేని గుమాస్తాలాగా. మద్దెల ఓడు అనడానికి నాకు మద్దెల కూడా లేదు. ఎండ నెత్తికెక్కింది. ఇటు మల్లయ్య పులుసు, అటు రాజన్న నవ్వు.

అప్పుడు బెండు కదిలింది. చేప కాదు. నీళ్ళే కదిలాయి. లోపలికి, మెల్లగా, ఒకే దిక్కుకు పారడం మొదలుపెట్టాయి. నా ఒళ్ళు పులకరించింది. సముద్రంలో వాగు! ఇన్ని యుగాలుగా ఇక్కడివాళ్ళెవరూ కనిపెట్టని సంగతి ఒక్క పూటలో నా కంటబడింది. ఇక తాతగారి విద్యే. ఎరను నీటితో నడిపిస్తూ, దాని వెనక నేను నడుస్తూ, మహారాజులాగా సముద్రంలోకి వెళ్ళాను. ఎంత నడిచినా నీళ్ళు మోకాళ్ళు దాటలేదు. పైగా పిక్కల దాకా దిగాయి. సముద్రం నాకు దారి ఇస్తోందనుకున్నాను.

కొంతదూరం పోయాక ఎదురుగా కంచె.

కర్రలు నాటి, తాటాకులాంటి ఖర్జూరపు మట్టలు కట్టి, ఒక పొడుగాటి చెయ్యిలాగా నీళ్ళలోకి సాగి, చివర ముడుచుకుని గుండ్రంగా ఒక గదిలాగా ఉంది. చూడగానే గుండె నిండింది. అచ్చం మా దొర కంచె! ఇక్కడే మీరు నన్ను అర్థం చేసుకోవాలి. మీరెవరైనా అయితే 'ఈ కంచె ఎవరిదో' అనుకునేవారు. నాకు ఆ ఆలోచన రాలేదు. కంచె అంటే మాది. పుట్టినప్పటినుంచి కంచె లోపలి వైపునే చూసినవాణ్ణి. సందు చూసుకుని, తల వంచకుండా, లోపలికి వెళ్ళాను.

లోపల గదిలో బెండు వాలిందో లేదో, బుడుంగున మునిగింది. కట్టె ఎత్తితే వెండిలాంటి చేప, అరచేతి కంటే పెద్దది. శేరీ అంటారని తర్వాత తెలిసింది. ఇంకొకటి. ఎర చచ్చినదైనా పట్టింది. చివరికి ఉత్త ముల్లు వేసినా పట్టింది! ఆ గదిలో చేపలు ఒకదాని మీద ఒకటి తోసుకుంటున్నాయి, పండగ ముందు బస్టాండులాగా. ఇదంతా తాతగారి విద్య మహిమేనని నేను నమ్మాను. నీళ్ళు చీలమండల దాకా వచ్చేసరికి గాలం పక్కన పడేసి, చేతులతోనే పట్టడం మొదలుపెట్టాను. గోధుమరంగు చేపనొకదాన్ని వీపు మీద గట్టిగా పట్టుకున్నాను. దాని పేరు సాఫీ. వీపు నిండా ముళ్ళు. కుడిచేతిలో నిప్పు పెట్టినట్టయింది. నేను అరిచిన అరుపుకు కొంగలు లేచాయి.

ఆ అరుపుకు జవాబుగా ఇంకో అరుపు వినిపించింది.

"ఏయ్ రఫీక్! నా ఇంట్లో ఏం చేస్తున్నావు?"

తోబు అనే తెల్లటి పొడవాటి చొక్కాను నడుముకు చెక్కుకుని, రెండు ఖాళీ గంపలతో, బురదలో చకచకా నడిచి వస్తున్న ముసలాయన. గడ్డం తెలుపు, గొంతు ఇనుము. మాట్లాడింది గల్ఫ్ హిందీ. రఫీక్ నా పేరు కాదు, అక్కడ మాలాంటివాళ్ళందరినీ అలాగే పిలుస్తారు. నేను తెలుగులోనే చెబుతాను, హిందీలో అయితే నాకు మళ్ళీ కోపం వస్తుంది.

"ఇల్లేమిటి? ఇది సముద్రం" అన్నాను.

"సముద్రమా? సముద్రం అదిగో!" అని దూరంగా చెయ్యి చూపించాడు.

తిరిగి చూశాను. సముద్రం ఎక్కడో దూరాన సన్నటి గీతలాగా మెరుస్తోంది. నా చుట్టూ కనుచూపు మేర బురద. బురదలో నేను, నా పక్కన వాలిపోయిన నెమలి ఈక. చెప్పుల్లో ఒకటి ఎప్పుడో ఎటో పోయింది. నీళ్ళు పోటెత్తినప్పుడు చేపలు ఒడ్డుకు వచ్చి, నీళ్ళు తీసినప్పుడు వెనక్కి పోతూ ఈ కంచెలో చిక్కుకుంటాయట. ఎరా వద్దు, గాలమూ వద్దు. నీళ్ళు పోయాక వచ్చి ఏరుకోవడమే. దాని పేరు హద్రా. నేను గంటసేపు తాతగారి విద్యతో పట్టింది, అప్పటికే పట్టుబడి ఉన్న చేపలను.

"ఈ హద్రా నాది. మా నాన్నది. మా తాతది" అన్నాడు ముసలాయన, ఛాతీ మీద కొట్టుకుంటూ.

తాత అన్న మాట వినగానే నా నడుము నిటారైంది. "నాకూ తాత ఉన్నాడు! మా తాతకూ ఇలాంటి కంచె ఉండేది!"

"అయితే మీ తాత కంచెలోకి పో. నా కంచెలోకెందుకొచ్చావు? మీ తాత కూడా దొంగేనా?"

ఆ మాటకు నాకొచ్చిన కోపం కొలవడానికి సముద్రం సరిపోదు, ఉన్నా సరిపోదు. "మా తాత జమీందారు!" అని అరిచాను.

ముసలాయన నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. మడిచిన ప్యాంటు, ఒంటి చెప్పు, వాచిన చెయ్యి, చంకలో పాలపొడి డబ్బా. "మాషా అల్లా" అన్నాడు. తర్వాత, "నీ కఫీల్ ఎవరు? కార్డు తియ్యి. ఫోన్ చేస్తాను" అన్నాడు.

కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని; ఆయన దాకా పోతే కంపెనీ దాకా పోతుంది, కంపెనీ దాకా పోతే మామీర్ మొత్తం పాకుతుంది. కార్డున్న జేబును వాచిన చేత్తోనే మూసుకున్నాను. ముసలాయన నా ముఖం చూసి, ఫోన్ జేబులో పెట్టుకుని, గంప నా ముందు పడేశాడు.

"సరే, ఖలాస్. నా కంచెలో చెయ్యి పెట్టావు కదా. మొయ్యి."

పాఠకులారా, ప్రపంచంలో ఇన్ని శిక్షలుండగా ఈ ముసలాయనకు అదే ఎందుకు తట్టాలి? మా ఊరి వాగుకూ ఈ బురదకూ మధ్య ఎన్ని దేశాలున్నాయి! మా తాతతో ఈయనకేమైనా ఉత్తర ప్రత్యుత్తరాలుండేవా? చేపలు గంపలో పోశాను. ఎత్తి నెత్తిన పెట్టుకున్నాను. గంప ఎడమకు పోతే నేను కుడికి, నేను ఎడమకు పోతే గంప కుడికి. చేపల నీళ్ళు చెవుల్లోకి, మెడలోకి, చొక్కాలోకి. వెనకనుంచి "యల్లా, యల్లా! మెడ కాదు, నడుము! నడుము!" అని కేకలు. వంగదని ఇన్నాళ్ళూ గర్వపడ్డ నడుము వంగింది. ఒడ్డున ఆయన పికప్ బండి దాకా ఎన్ని విడతలు మోశానో లెక్క పెట్టలేదు. లెక్క పెడితే గుర్తుంటుంది.

చివరికి ముసలాయన కవరు నిండా చేపలు పోసి నా చేతికిచ్చాడు. "మజూరీ" అన్నాడు.

కూలి! మా వంశంలో కూలి ఇచ్చినవాళ్ళే తక్కువ, పుచ్చుకున్నవాళ్ళు అసలే లేరు. ఆ కవరు ఆయన ముఖాన కొట్టాలన్నంత కోపం వచ్చింది. కానీ మల్లయ్య కళ్ళ ముందు నిలబడ్డాడు, చింతపండు ఎక్కువేసిన పులుసు గిన్నెతో. ఆయన పక్కన రాజన్న. కవరు తీసుకున్నాను.

ఆ ముసలాయనను అక్కడ అందరూ హాజీ అంటారు. హాజీ మంచివాడు కాబట్టి బండిలో దింపుతానన్నాడు. చెడ్డవాడైతే నాకు ఈ కథ ఉండేది కాదు. క్యాంపు ఎక్కడ అని అడిగితే చెప్పాను. అదే తప్పు. క్యాంపు మలుపు రాకముందే, "ఇక్కడ ఆపండి, నడవడం ఆరోగ్యం" అని దిగిపోయాను. చెయ్యి వాచిన మంటలో, ఎవరూ చూడలేదన్న సంతోషంలో, ఒకటి మరిచిపోయాను. అది మీకు కాసేపట్లో తెలుస్తుంది. నాకు అందరి ముందూ తెలిసింది.

గదిలోకి అడుగుపెట్టి, కవరు నేల మీద బోర్లించాను. చేపలు జారి రాజన్న కాళ్ళ దాకా వెళ్ళాయి.

"వాసన చూస్తవా చేతులు?" అన్నాను.

రాజన్న వంగి ఒక చేపను వేలితో పొడిచి చూశాడు. మల్లయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "పెద్ద దొర చెయ్యే! అదే చెయ్యి!" అన్నాడు. శుక్రవారం సెలవు గనుక చర్చిలో ఆ రోజే జరిగే ప్రార్థన నుంచి అప్పుడే వచ్చిన యేసుపాదం చేపలు శుభ్రం చేయడానికి కూర్చుని, ఒక్కొక్కదాన్నీ తిప్పి చూస్తున్నాడు.

"దొరగారూ, గాలం ఎక్కడ పడిందండీ? మూతికి గాటైనా లేదండీ."

"మా గాలానికి గాటు పడదు."

"ఎంత సున్నితమండీ! మరి మీ చెయ్యేంటండీ, రొట్టెలాగా పొంగింది?"

"పెద్ద చాపతోని పెనుగులాట."

పులుసు ఉడికింది. వాసన పక్క గదుల దాకా పోయింది. తినేముందు యేసుపాదం కళ్ళు మూసుకున్నాడు. "ప్రభువా, ఈ చేపలను న్యాయంగా పట్టి తెచ్చిన ఈ చేతులను దీవించు" అన్నాడు. అన్న క్షణంలో నా చెయ్యి మరింత సలిపింది. మల్లయ్య రెండో ముద్ద నోట్లో పెట్టుకుని, "దుబాయికొచ్చినంక ఇసొంటి పులుసు తినలే" అన్నాడు. మా ఊరివాళ్ళకు గల్ఫ్ మొత్తం దుబాయే. ఇరవై ముద్దలు తిన్నాక కూడా అదే మాటన్నాడు.

రాజన్న చివరి ముక్క ముల్లు తీసి పక్కన పెట్టి, లేచి, నా ఎదురుగా నిలబడ్డాడు. అబద్ధమెందుకు, మాట మీద నిలబడే మనిషి. "ఒప్పుకున్న దొరా. ఓడిన. ఇగ నీ వంతు నాది. కంచం ఇయ్యి, కడుగుత."

ఎడమచేత్తో కంచం అందించాను. ఆ కంచం వాడి చేతికీ నా చేతికీ మధ్య ఉండగానే బయట పికప్ హారన్ మోగింది. ఒకటి కాదు, ఊరంతా లేచేటట్టు.

తలుపు దగ్గర హాజీ. ఒక చేతిలో నెమలి ఈక వేలాడుతున్న వెదురు కట్టె. ఇంకో చేతిలో బురద కారుతున్న నా చెప్పు.

"ఇక్కడ జమీందారు ఎవరు?" అన్నాడు.

ముగ్గురూ నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను.

"ఆ, ఇతనే! నా కంచెలో చేపలు పట్టినవాడు. గాలం మరిచిపోయాడు. మంచివాడు, బాగా మోశాడు. వచ్చే శుక్రవారం కూడా పంపండి, మళ్ళీ చేపలిస్తాను." కట్టెను తలుపుకు ఆనించి, ఒక్క క్షణం ఆలోచించి, జాలిగా తల ఊపాడు. "ఒక్కటే లోపం. నెత్తిన గంప మోయడం రాదు. మీలో ఎవరైనా నేర్పండి."

రాజన్న నవ్వుతాడని ఎదురుచూశాను. నవ్వి ఉంటే కొట్టేసి ప్రాణం కుదుటపరుచుకునేవాణ్ణి. వాడు నవ్వలేదు. నా కంచాన్ని చాలా గౌరవంగా నా ముందే కింద పెట్టాడు. హాజీ వైపు తిరిగి, చేతులు కట్టుకుని అన్నాడు:

"నేను నేర్పుత హాజీ. మా ఇంట్ల తాతల సంది వస్తున్న విద్యనే."

అప్పుడు నవ్వారు. ముందు యేసుపాదం, "క్షమించండి దొరగారూ" అని నవ్వాడు. తర్వాత మల్లయ్య. ఆ మనిషి, నా కంచం ఇన్నేళ్ళు కడిగిన మనిషి, పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేటట్టు, మంచం మీద దొర్లి నవ్వాడు. జన్మలో అంతసేపు నవ్వి ఉండడు. హాజీకి సంగతి అర్థం కాకపోయినా కూర్చుని పులుసు తిన్నాడు, కారానికి ఒగరుస్తూ, ఇంకొంచెం వేయించుకుని.

రాజన్న తువ్వాలును గుండ్రంగా చుట్టి, చుట్టబట్ట చేసి, నా నెత్తిన సరిగ్గా నడిమధ్యన పెట్టాడు. దాని మీద పులుసు గిన్నె, గిన్నెలో కంచాలు. "చూపు నేలకు కాదు, ముంగటికి. నడుము గట్టిగ. మెడ అసలే ఆడించొద్దు. ఆ, గట్లనే! నీ నడుము దీనికే పుట్టిందిరా!"

'రా' అన్నాడు. గమనించారా? దొర బంద్ అయింది.

కుళాయి దాకా నడిచాను. గిన్నె పడలేదు. కుడిచెయ్యి వాచి ఉంది గనుక ఎడమచేత్తో తోమాను. హాజీ కంచం కూడా.

కాబట్టి, మా వంశంలో మిగిలిన ఏకైక గాలపుపెట్టె మీద చెయ్యి పెట్టి, సూర్యచంద్రుల సాక్షిగా, ఈ కథ చదివి పళ్ళికిలిస్తున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కంచె ఉన్న నీళ్ళలో గానీ, లేని నీళ్ళలో గానీ, వచ్చే నీళ్ళలో గానీ, పోయే నీళ్ళలో గానీ, ఇకమీదట నేను గాలం వేయను. తూనీగ పిల్లలను ఒకే డబ్బాలో వేయను. కంచె కనిపిస్తే, ఎవరిదయ్యా ఇది అని ముందు అడుగుతాను. సముద్రాన్ని మాత్రం క్షమించను.

మరుసటి శుక్రవారం హాజీ దగ్గరికి వెళ్ళావా అని అడుగుతారు, నాకు తెలుసు. వెళ్ళాను. గంప మోయడం రాదని నలుగురిలో అంటే ఎంత కోపంగా ఉంటుందో మీకేం తెలుసు? ప్రమాణం తప్పలేదు. గాలం తీసుకుపోలేదు.

చుట్టబట్ట తీసుకుపోయాను.